కంచెలోంచి చూసిన అలలు

నా భార్య రత్నకుమారి చెయ్యి కదిలిందని డాక్టరుతో మూడు రోజులు పోట్లాడాను. ఆమె మెదడు పూర్తిగా ఆగిపోయిందనీ, ఇక యంత్రం తీసెయ్యడం మంచిదనీ ఆయన ఫోన్లో మెత్తగా చెప్పేవాడు. మెత్తటి మాటలంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. నా కళ్లతో చూశాను, తీయడానికి వీల్లేదని అరిచేవాణ్ణి.

చూసింది కిటికీలోంచి. కరోనా కదా, లోపలికి రానివ్వరు. రోజూ మేముండే బాలింకాలిగ్ నుంచి కారులో బయల్దేరి, దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపితే సమాధానం చెప్పుకుని, ఆసుపత్రి తోటలో వల కంచెకి ఇవతల నిలబడేవాణ్ణి. కిటికీ లోపల వల లాంటి పల్చటి తెర, దాని వెనక రత్న మంచం. ఆమె చేతి దగ్గర తెర మీద చారలు అలల్లా పాకేవి, చెయ్యి కదిలినట్టే. పదిహేనేళ్లు ఈ పరాయి దేశపు ముసలివాళ్లకు స్నానాలు చేయించిన చెయ్యి అది. ఊరికే పడి ఉండే రకం కాదు.

శుక్రవారం లోపల నుంచి నర్సు గిడియన్ ఫోన్ చేశాడు. మా చర్చివాడే, మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నవాడు.

"అంకుల్, పొద్దుట్నించీ ఆంటీ పక్కనే ఉన్నానండీ. చెయ్యి కదల్లేదండీ."

"ఇప్పుడే కదిలింది! నీకు కళ్లు లేవట్రా?"

వాడు కిటికీ దగ్గరికొచ్చి నా వైపు చూశాడు.

"ఒక్కసారి ఆ కంచె పోల్ పట్టుకుని, అస్సలు మూవ్ అవ్వకుండా నిలబడండి అంకుల్. ప్లీజ్."

వాడి నోరు మూయిద్దామనే నిలబడ్డాను. ఊపిరి బిగబట్టాను.

అలలు ఆగిపోయాయి.

తల కాస్త పక్కకి జరిపాను. పాకాయి. ఆపాను. ఆగాయి. మడతపడిన దోమతెరలో చిన్నప్పట్నించీ చూసిందే ఇది. వల మీద వల పడితే అలలు లేస్తాయి, మనం కదిలితే అవి పరుగెడతాయి. తెలిసీ మూడు రోజులు తెలియనట్టు నిలబడ్డాను. మునిగేవాడికి గడ్డిపరకే ఆధారమంటారు. చలిలో వణికింది నేను, రత్న కాదు.

"తెర తీసెయ్యరా," అన్నాను.

తీశాడు. ఆమె చెయ్యి దుప్పటి మీద, ఎవరో సర్దిపెట్టినట్టే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

"డాక్టరుగారికి సరేనని చెప్పు. యంత్రం తీసేటప్పుడు ఆ చెయ్యి నువ్వు పట్టుకో నాయనా. నేను పట్టుకోలేనుగా."

"గ్లౌజులు తియ్యనివ్వరు అంకుల్," అన్నాడు వాడు, వాడూ ఏడుస్తూనే.

"పరవాలేదు. గట్టిగా పట్టుకో."