గేటు ముందు దింపిన పెట్టె

“ఆ గేటు పెట్టించింది మీరే బాబాయ్. రిబ్బను కత్తిరించి, ప్రార్థన చేసి మరీ పెట్టించారు. ఇప్పుడు మా అత్తను ఎటు మోసుకుపొమ్మంటారు?”

చర్చి మెట్ల మీద నిలబడి రెబ్కా ఈ మాట అడిగింది సంఘపెద్ద జక్రయ్యను. అపార్టుమెంట్లు కట్టిన ఆసామి చర్చిలో గ్రానైటు పరిపిస్తే పెద్దలు పొంగిపోయి కృతజ్ఞత కూడిక పెట్టారు. సమాధుల దొడ్డికి పోయే బజారుకు అడ్డంగా ఆయన ఇనప గేటు నిలబెట్టి దాన్నీ దీవించమంటే, పాటలు పాడుకుంటూ వెళ్ళి దీవించారు. మనకిక దొంగల భయం లేదన్నారు. ఆ రాత్రే దానికి తాళం పడింది.

తెల్లారి రెబ్కా అత్త దీనమ్మ చనిపోయింది. వ్యాను మాట్లాడి హైవే మీదుగా తిప్పుకుపోదామన్నాడు జక్రయ్య. వాళ్ళ పాలెంలో పోయినవాళ్ళను బండెక్కించరు. భుజాల మీద మోస్తారు. దారిలో ప్రతి గడప ముందూ పెట్టె దింపితే ఆ ఇంటివాళ్ళు బయటికొచ్చి ఒక చరణం పాడతారు. ఆ తర్వాతే లేపుతారు. ఎవరు పోయినా గొంతు పోయేదాకా పాడిన మనిషి దీనమ్మ. ఆమెకు వ్యానట!

“ముందు నాతో నడవండి. వ్యాను సంగతి తర్వాత చెబుదురుగాని,” అని రెబ్కా ఆయన్ని బయల్దేరదీసింది.

గుంటూరులో కోల్డ్ స్టోరేజీల వెనక పాలెం అది. మిరపకాయల రోజుల్లో గాలి వీస్తే అక్కడ పాలు తాగే పిల్లలు కూడా తుమ్ముతారు. దీనమ్మా ఆమె తోటివాళ్ళూ వరసగా కూర్చుని తొడిమలు తీసిన కల్లంలో ఇప్పుడు కార్ల షోరూము. పొగాకు గోడౌను పడగొట్టి కాలేజీ హాస్టలు కట్టారు, కిటికీలన్నిటికీ ఇనప వల. జానీబీ అట్లపొయ్యిని మురిక్కాలవ అంచుకు నెట్టేశారు. ఆమె అక్కడే కూర్చుని, దీనమ్మకు తను కూడా పాడతానని రెబ్కాకు చెప్పింది. మసీదుకెళ్ళే మనిషి పాడటమేంటని ఎవరూ అడగరు అక్కడ.

గేటు దాకా వెళ్ళారు. తాళం. ఊచల్లోంచి చూస్తే సమాధుల దొడ్డి ప్రహరీ కనిపిస్తూనే ఉంది. వెనక్కి తిరిగి హైవే పట్టారు. మిరపకాయల టిక్కీలు నింపుకున్న లారీలు చెవుల పక్కనుంచి పోతున్నాయి. కాలిబాట లేదు, ఉన్నచోట బండ్లు పెట్టారు. ఒక లారీ హారను కొడితే జక్రయ్య తడబడి డివైడరు మీద కూలబడ్డాడు. చుట్టూ చూశాడు. పెట్రోలు బంకు, హోర్డింగులు, గోడలు. ఒక్క గడప లేదు.

“ఇక్కడ ఎవరు పాడతారే అమ్మాయ్?” అన్నాడు.

రెబ్కా జాలి పడలేదు. లేవండి అంది.

సాయంత్రం పెట్టె లేచింది. పాత దారినే, గడప గడపా దింపుకుంటూ, పాడుకుంటూ గేటు దగ్గరికొచ్చారు. వాచ్‌మన్ బాపయ్య గాభరాపడి అపార్టుమెంట్ల సెక్రటరీకి ఫోను చేశాడు. అటునుంచి కబురొచ్చింది: ఈ ఒక్కసారికి తీయమన్నారు, పాటలు మాత్రం వద్దన్నారు, పెట్టె దాటగానే మూసెయ్యమన్నారు. వెనకున్న వాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. బాపయ్య తాళంచెవి తీశాడు.

రెబ్కా గేటుకు అడ్డం నిలబడింది.

“తియ్యొద్దు బాపయ్యా. ఇవాళ దయ చూపిస్తే తలొంచుకుని పోతాం. రేపు ఇంకో పెట్టెకి మళ్ళీ బతిమాలుకోవాలి. పుట్టినప్పట్నుంచీ నడిచిన బజారు ఇది.”

పెట్టెను ఇలా ఆపితే దీనమ్మ ఆత్మకు శాంతి ఉంటుందా అని ఎవరో గొణిగారు. పెట్టె ముందు కొమ్ము మోస్తున్నది జక్రయ్య. వంగి, పెట్టెను దుమ్ములో దింపి, పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. అందరూ కూర్చున్నారు.

రెబ్కా బాపయ్య చేతిలో ఫోను లాక్కుని సెక్రటరీతో అంది: “తాళం సంగతి కాదు సారూ. గేటును ఊచలతో సహా పెకలించండి. మున్సిపాలిటీ వాళ్ళను పిలిపించి ఇది అందరి బజారని ఇక్కడ, మా అత్త ముందు చెప్పించండి. ఇప్పుడే. అప్పటిదాకా ఈ పెట్టె లేవదు.”