పన్ను పీకిన రోజే పుట్టినరోజు

పెద్దకోడలికి అరవై ఒకటి. ఈ సంగతి ఆమెకూ, ఆమె గుర్తింపు కార్డుకూ, బ్యాంకు వాళ్లకూ తప్ప మరెవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషి, ఆమె మొగుడు, ఆ మాట గుండెల్లో పెట్టుకునే పోయాడు. వీధి లెక్కలో ఆమెకు యాభై అయిదు. తోటికోడలైన చిన్నకోడలికి యాభై ఎనిమిది. కాబట్టి వరసకు చెల్లెలైన చిన్నకోడలు వయసుకు మూడేళ్లు పెద్దదని ఆ ఇంట్లో శిలాక్షరమై కూర్చుంది.

అత్తగారు పోయి ఎన్నేళ్లయినా వీధంతా వాళ్లను పెద్దకోడలు, చిన్నకోడలు అనే పిలుస్తుంది. ఇద్దరూ కలిసి లాండ్రీ నడుపుతారు. దుకాణంలో ఒకటే ఫ్యాను, దాని కింద ఒకటే వాలుకుర్చీ. తెరిచిన రోజే ఒప్పందం కుదిరింది. తాళంచెవి వరసకు పెద్దదానికి, కుర్చీ వయసుకు పెద్దదానికి.

ఆ రోజు నిజం చెప్పి ఉంటే కుర్చీ కూడా పెద్దకోడలికే దక్కేది. కానీ ఆమె పెళ్లినాడే ఆరేళ్లు మింగేసింది. మింగింది కక్కలేక పద్ధెనిమిదేళ్లుగా ఇస్త్రీబల్ల పక్కన నిలబడి చెమట తుడుచుకుంటూనే ఉంది. "నా వయసొస్తే నీకూ తెలుస్తుందిలే అక్కా, మోకాళ్ల నొప్పంటే ఏమిటో" అని చిన్నకోడలు కుర్చీలో కాళ్లు బారజాపుకుని అన్నప్పుడల్లా, ఈమె మోకాళ్లు రెండూ ఒకదాన్నొకటి ఓదార్చుకునేవి.

పోయినేడు ఇద్దరికీ ఒకే వారంలో పన్నునొప్పి వచ్చింది. పొత్తు కుదిరితే నొప్పికి కూడా కుదురుతుంది కాబోలు. ఊరి నిండా శాఖలున్న ఒక పళ్ల ఆస్పత్రుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఫారం ఇచ్చారు. పెద్దకోడలు రాస్తుంటే చిన్నకోడలు ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ ఉంది. పుట్టిన తేదీ గడి దగ్గర కలం ఆగింది. అసలు తేదీ రాస్తే కొంప మునుగుతుంది. ఎదురుగా గోడ మీద క్యాలెండరు కనిపించింది. ఆ రోజు పదిహేడో తారీకు. ఆ తేదీ, ఆ నెలే రాసేసి, సంవత్సరం దగ్గర మాత్రం ఎప్పటి కత్తెరే వేసింది.

"ఇవాళ నీ పుట్టినరోజా అక్కా? ఎప్పుడూ చెప్పలేదేం?"

"పన్ను సలుపుతుంటే మాట్లాడించకే."

ఆ సాయంత్రానికి పన్ను పోయింది, పుట్టినరోజు మిగిలింది.

ఏడాది తిరిగీ తిరగకముందే ఇద్దరికీ ఒకేలాంటి ఉత్తరాలు వచ్చాయి. కంపెనీ కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారట. పేరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ, పంటి ఎక్స్‌రే బయటికి పోయి ఉండవచ్చట. దయచేసి జాగ్రత్తగా ఉండమని కింద రాశారు.

"తలుపు తెరిచిపెట్టింది వాళ్లు, జాగ్రత్త మనకు చెబుతున్నారు" అంది పెద్దకోడలు.

"నా ఎక్స్‌రేతో దొంగ ఏం చేసుకుంటాడక్కా, ఉన్నవే పదహారు."

మూడోరోజు చిన్నకోడలికి ఫోను వచ్చింది. బ్యాంకు నుంచట. తేనె పూసిన గొంతు. ఆమె పేరు చెప్పాడు, పుట్టిన తేదీ తప్పులేకుండా చెప్పాడు, ఖాతా ఆగిపోతుందని భయపెట్టాడు, ఫోనుకు వచ్చిన ఓటీపీ చదవమన్నాడు. అంతా తెలిసినవాడే కదా అని ఆమె కళ్లజోడు పెట్టుకుని "నాలుగు, ఏడు" దాకా వచ్చింది. పెద్దకోడలు ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఒక్క అంగలో ఫోను లాక్కుంది.

"మిగతా అంకెలు ఉతుకులో ఉన్నాయి నాయనా, ఆరాక చెబుతాం" అని పెట్టేసింది.

అప్పుడు దుకాణంలో నల్లకోటు కోసం వచ్చిన లాయరమ్మ ఉంది. ఏళ్ల తరబడి కోట్లు ఇక్కడే ఉతికిస్తుంది. ఉత్తరం చదివి కోటు మాట మరిచిపోయింది.

"ముందు ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే ఫోను చేసి బ్యాంకుకు చెప్పండి. వచ్చిన ఫోనుకు ఏదీ చెప్పొద్దు. పాస్‌వర్డులన్నీ మార్చండి, ఒక్కోచోట ఒక్కోటి. ఈ ఉత్తరం పారేయకండి. వచ్చిన ప్రతి ఫోనూ రాసిపెట్టండి, నంబరు, టైము, వాడేమన్నాడో. ఫిర్యాదు నేను వేస్తాను."

"నా పాస్‌వర్డు అన్నిచోట్లా ఒకటేనండీ, అక్క పేరు" అంది చిన్నకోడలు.

పెద్దకోడలి మనసు కరిగింది. "నా పేరా? ఎందుకే?"

"రోజూ తిట్టుకుంటాను కదా, మరిచిపోయే భయం ఉండదు."

ఆ రోజునుంచి బట్టలకు కట్టే అట్టచీటీల మీదే దొంగల మాటలు రాయడం మొదలుపెట్టారు. వీధిలో ఆ ఆస్పత్రికి వెళ్లిన మరో నలభై మంది కూడా ఫిర్యాదు మీద సంతకాలు పెట్టారు. పదకొండో చీటీ పెద్దకోడలిది.

"అమ్మా, మీరు పుట్టింది పదిహేడో తారీకే కదా?" అన్నాడు తేనెగొంతువాడు, నెలా సంవత్సరమూ కలిపి.

"కాదురా, అది నా పన్ను పీకిన రోజు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండడుగుల దూరంలో కుర్చీలో చిన్నకోడలు ఉంది. మాట వెనక్కి మింగి, ఫోను పెట్టేసి, అన్నది అన్నట్టు చీటీ మీద రాసి మిగతావాటితో కలిపేసింది. చేతికింద ఎవరిదో చొక్కా కాలరు కమిలింది.

విచారణ రోజు ఇద్దరూ లాయరమ్మ వెనక కూర్చున్నారు. చిన్న గది, ఇనుప కుర్చీలు, బల్ల అవతల తీర్పు చెప్పాల్సిన కళ్లజోడు అధికారిణి. కంపెనీ లాయరు లేచాడు. చొక్కాకు గంజి ఎక్కువైంది, మెడ తిప్పలేక మనిషంతా తిరుగుతున్నాడు.

"పోయి ఉండవచ్చు అన్నాం గానీ పోయిందని మేమెప్పుడూ అనలేదు మేడమ్. పేరు, ఫోను, పుట్టిన తేదీ ఈ రోజుల్లో ఎక్కడ లేవు? కార్డులో ఉన్నాయి, బ్యాంకులో ఉన్నాయి, వీధి చివర కొట్లో కూడా ఉంటాయి. మా దగ్గరనుంచే దొంగ చేతికి వెళ్లాయని రుజువేది?"

లాయరమ్మ చీటీలు చూపించింది. అధికారిణి ఒక్కొక్కటీ చూసింది. "ఫోన్లు వచ్చాయి, నిజమే. వివరాలు కంపెనీ దగ్గరనుంచే వెళ్లాయనడానికి ఇది చాలదు" అని కలం మూత తీసింది. ఆ కలం కాగితం మీద ఆనితే వాళ్లిద్దరిదే కాదు, నలభై మంది ఫిర్యాదు కూడా గంగలో కలుస్తుంది.

పెద్దకోడలికి కుర్చీలో ముళ్లు మొలిచాయి. నోరు తెరిస్తే ఆరేళ్లు పోతాయి. మూసుకుంటే వీధి మొత్తం పోతుంది. ఓరకంట చిన్నకోడలిని చూసింది. అది "వయసులో పెద్దదాన్ని, ధైర్యంగా ఉండు" అన్నట్టు ఈమె చెయ్యి నొక్కింది. ఆ నొక్కుడుతో ఈమె లేచి నిలబడిపోయింది.

"ఒక్క మాటమ్మా. మా లాండ్రీలో ప్రతి చొక్కాకూ కాలరు లోపల సిరాతో చిన్న గుర్తు వేస్తాం. తెల్లచొక్కాలు లోకంలో లక్ష ఉంటాయి. ఆ గుర్తు ఉంటే మాత్రం ఎక్కడ దొరికినా మా కొట్టునుంచే వచ్చిందని తెలిసిపోతుంది."

"దానికీ దీనికీ ఏమిటమ్మా సంబంధం?" అన్నాడు కంపెనీ లాయరు, మనిషంతా ఇటు తిరిగి.

"పదకొండో చీటీలో దొంగ చెప్పిన తేదీ నా పుట్టినరోజు కాదు బాబూ. మీ ఆస్పత్రిలో నా పన్ను పీకిన రోజు. మీ ఫారంలో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా నేను ఆ తేదీ రాయలేదు. నిజం నాలుగుచోట్ల దొరుకుతుంది. నా అబద్ధం మాత్రం మీ ఒక్కరి దగ్గరే ఉంది."

అధికారిణి కలం మూత పెట్టేసింది. ఫారం తెప్పించింది. ఫారంలో పదిహేడు, చీటీలో పదిహేడు. నెలలూ ఒకటే, సంవత్సరాలూ ఒకటే.

"మరి మీ అసలు తేదీ?"

పెద్దకోడలు గుర్తింపు కార్డు తీసి బోర్లా పెట్టి బల్ల మీద జరిపింది. అధికారిణి తిప్పి చూసి, గుమాస్తా రాసుకోవడానికి వీలుగా లెక్కగట్టి పైకే చెప్పింది. "వయసు అరవై ఒకటి."

"అరవై ఒకటా" అంది చిన్నకోడలు. వేళ్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "అంటే నేను చిన్నదాన్నా?"

"వరసకూ, వయసుకూ."

"పద్ధెనిమిదేళ్లు నన్ను ముసలిదాన్ని చేశావు కదక్కా."

"కుర్చీ ఇచ్చాను కదే."

చిన్నకోడలి భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నారంతా. చూస్తే నవ్వు. అది ఇనుప కుర్చీకి పాకి, కుర్చీ గడగడలాడి, లాయరమ్మకు అంటుకుంది. అధికారిణి ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకుంది. కంపెనీ లాయరు కూడా నవ్వబోయాడు గానీ గంజి ఒప్పుకోలేదు.

తీర్పు వారంలో వచ్చింది. సమాచారం తన దగ్గరనుంచే పోయిందని కంపెనీ ఒప్పుకోవాలి. అందరికీ క్షమాపణ రాయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. వాళ్ల పేర్లతో ఎవరైనా మోసానికి దిగుతున్నారేమో ఏడాదిపాటు తన ఖర్చుతో కనిపెట్టాలి.

మర్నాడు పొద్దున చిన్నకోడలు కుర్చీ దులిపి "దయచేయండి పెద్దవారు" అంది. పెద్దకోడలు కూర్చుంది. ఫ్యాను గాలి నెత్తిన పడగానే మోకాళ్లు రెండూ ఒకేసారి నిట్టూర్చాయి. చిన్నకోడలు ఇస్త్రీ చేస్తూ, వచ్చినవాళ్లందరికీ "కాస్త గట్టిగా మాట్లాడండి, మా అక్కకు అరవై దాటాయి" అని చెబుతూనే ఉంది. పెద్దకోడలు కళ్లు మూసుకుని విననట్టే ఉంది. గాలి అంత బాగుంది మరి.

క్షమాపణతోపాటు ఇంకో కాగితం వచ్చింది. రికార్డులో మీ పుట్టిన తేదీ సరిచేయాలా అని అడిగారు. పెద్దకోడలు కలం తీసింది. చిన్నకోడలు ఎప్పటిలాగే భుజం మీదుగా తొంగిచూసింది. "వద్దు" అన్న గడిలో గీత పడింది.

"ఇంకా ఎందుకక్కా ఆ దొంగ వయసు?"

"కాలరు గుర్తు చెరుపుకుంటామా? రేపు మళ్లీ ఎవడైనా ఆ తేదీ చెప్పుకుంటూ వస్తే, ఎవరింట్లోంచి వచ్చాడో తెలియొద్దూ?"

చిన్నకోడలు ముంగురులు సర్దుకుంది.

"అయితే నాకూ ఒకటి పెట్టించు. ముప్పై తొమ్మిది."

"ఎవరైనా నమ్మొద్దటే?"

"దొంగ నమ్మితే చాలదా అక్కా?"