నీలకు రాని పన్నెండో పాఠం

పొద్దుగాల్ల సిరిసిల్లల బట్ట నేసే సాంచెలు మొదలైతే గోడకున్న రాజన్న దేవుని పటం సుత సన్నగ వణుకుతది. ఆ పటం కింద కూసోని నీల రోజూ నూలు కండెలు చుట్టేది. కుడిచెయ్యి రాట్నం తిప్పుతుంటే, ఎదురుంగ డబ్బాకు ఆనిచ్చిన పుస్తకంల కండ్లు నడిచేటివి. కోరుట్ల అంగడిల దొరికిన పుస్తకమది. కథలెట్ల రాయాల్నో పన్నెండు పాఠాలల్ల నేర్పుతది. అట్ట లేదు, రాసిన సారు పేరు లేదు. అయినా చదువు చెప్పినాయన గురువే కదయ్యా. నీల మొదటి పేజీకి పసుపు కుంకుమ పెట్టి, తానం చేసినంకనే దాన్ని ముట్టేది.

నేసేటోళ్ల ఇంటి పిల్ల. పోగు ఒకటి తప్పితే బట్ట పాడైతదని తెలిసిన మనిషి. అందుకే పుస్తకంల ఏం రాసుంటే అది పొల్లుపోకుండ చేసింది. నాలుగో పాఠంల, మనిషిని కథల పెట్టేముందు అతని గురించి నూరు సంగతులు తెలుసుకోవాలని ఉన్నది. గసుమంటి మాటలు మనమైతే చదివి పేజీ తిప్పుతం. నీల తిప్పలే. జలపతి అని ఒక మనిషిని అనుకున్నది. ఊరు కోనరావుపేట అని, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ అని, గటక తినేటప్పుడు మాట్లాడడని, కండెకొకటి చొప్పున నూరూ పోగేసింది.

నూరోది రాసి కలం కింద పెట్టంగనే జలపతి గడపల నిలబడి మంచినీళ్లడిగిండు.

అత్త సత్యవ్వ చెంబు అందించి, కోడలు రాసిన మనిషని వాడకట్టుకు చెప్పుకున్నది. సాంచెలు నడుపుడు వచ్చని ముప్పయ్యో సంగతిల ఉండె, కాబట్టి వారంల పని సుత దొరికింది. నీల మొగడు ఆనందం మాత్రం జలపతి భుజాల దిక్కు చూసి చూసి, "నాకంటె ఎత్తు రాసుకున్నవేందే?" అన్నడు.

"నీ లెక్క రాస్తే చదివేటోళ్లు దొరకద్దా?" అన్నది నీల.

ఆ ఏడు కూలిరేట్ల సమ్మెల ఆనందం ముందు నడిచిండు. అడవిల అన్నలకు బువ్వ పెట్టిండని సుత ఎవరో పోలీసులకు ఎక్కిచ్చి చెప్పిన్రు. ఆ రోజులు మీకు నేను చెప్పేదేమున్నది. పోలీసు జీపెక్కినోడు గుట్టల్ల ఎదురుకాల్పులల్ల పోయిండని తెల్లారి పేపర్ల వచ్చేది.

ఒక మధ్యాహ్నం జీపు వీళ్ల వాకిట్లకే వచ్చింది. ఆనందం, జలపతి పక్కపక్కన కూసోని తింటున్నరు. ఎవరి మొఖం ఎవరిదో తెల్వని పోలీసులు ఆనందం ఎవరని అడిగిన్రు.

"నేనే సారు," అని జలపతి చెయ్యి కడుక్కోని లేచిండు.

నీల చేతుల పోగు పుటుక్కున తెగింది. ఆ సంగతి ఆమె రాయలే. నూరింట్ల ఎక్కడా లేదది. నూటొకటోది, జలపతి సొంతానిది. మనిషిని మనసు పెట్టి తయారుచేస్తే, చేసినోళ్లకే తెల్వని మంచి అందుల పుడుతదని పుస్తకం రాసిన సారు సుత చెప్పలే. దేవుడు మనల చేసినప్పుడు గిట్లనే అనిపించిందో ఏమో.

ఆనందం ఆ పూటనే ఊరిడిచి, సాంచెలుండే భివండి దారి పట్టిండు.

నాలుగోనాడు ఒక ముసలి పోలీసు జవాను వచ్చి అరుగు మీద కూసున్నడు. "చెల్లె, కాయిదాలల్ల ఆయన పేరు ఆనందమనే ఎక్కింది. ఇగ మార్చరాదు. గుట్టలకు రెండుసార్లు తీస్కపోయినం. తుపాకి పేలుతది, ఆయన నిలబడే ఉంటడు. నువ్వు రాసిన మనిషట, ముగింపు రాయలేదట గద." జేబుల నుంచి కాగితం తీసి ముందట పెట్టిండు. "రాసిచ్చుకొని రమ్మని మా సారు పంపిండు."

పన్నెండో పాఠం ముగింపుదే. నీల దాన్ని ఎన్నడో కంఠతా పట్టింది. సత్యవ్వకు తెలుసు, అయినా చెంబు అందుకోని నీళ్లకు పోయింది. నీల పుస్తకం తెచ్చి కండ్లకద్దుకొని, లోపల్లోపల గురువుకు తప్పు చెప్పుకొని, ఆ పాఠం మీద వేలు పెట్టింది.

"గిదొక్కటి నాకింక రాలే అన్నా. నేర్సుకుంటున్న."

"ఎన్నొద్దులు పడుతది?"

"మొద్దుదాన్ని. చెప్పరాదు."

జవాను ఆమె మొఖం దిక్కు చూసిండు, పుస్తకం దిక్కు చూసిండు. కాగితం మడిచి మళ్ల జేబుల పెట్టుకున్నడు.

"మంచిగ నేర్సుకో చెల్లె. తొందరేం లేదు."

చావని మనిషిని ఎన్నాళ్లు మేపుతరు? మూడేండ్లు చూసి జలపతిని ఇడిచిపెట్టిన్రు. పదకొండు పాఠాలు రెండు నెలలల్ల పట్టిన నీల, ఆ ఒక్కటి మాత్రం ఈ జన్మల నేర్సుకోలే.