పిన్ను పెట్టావా, బావా?

"పిన్ను పెట్టావా, బావా?" అని అడిగాడు లిఫ్టు మెకానిక్. ఇద్దరూ పైన మోటారు గదిలో బ్రేకు బాగుచేసి అప్పుడే కిందికి దిగారు.

బావ నోటికి తాళం వేసినట్టు సైగ చేసి, రెంచీలు సంచిలో సర్దుకోసాగాడు.

మూడు నెలల క్రితం వరకు మెకానిక్ తను బిగించిన నట్టునే పదిసార్లు మెట్లెక్కి చూసొచ్చేవాడు. రెండు ఉద్యోగాలు ఊడాయి. కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి వెళ్లడం మొదలెట్టాక దారిన పడ్డాడు. ఆవిడ పద్ధతి సూటిగా ఉంటుంది: ఒక్కసారే చూడు. అనుమానమొస్తే కాగితం మీద రాయి, వెనక్కి వెళ్లకు. భయం దానంతటదే దిగుతుంది. నిజంగానే దిగింది.

ఇంట్లోవాళ్లకూ ఆవిడ ఒక మాట చెప్పింది. "చేశానా, పెట్టావా అని అడుగుతుంటాడు. జవాబు చెప్పకండి. చెబితే జబ్బుకు మేత వేసినట్టే."

అక్క ఆ మాటను బావ చేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది.

"బావా, నిజంగా అడుగుతున్నా."

"నిన్న కూడా నిజంగానే అడిగావు. చెప్పానని తెలిస్తే మీ అక్క నన్ను బతకనిస్తుందట్రా?"

ఈలోగా తొమ్మిదో అంతస్తు టీచరమ్మ సంచులతో లిఫ్టెక్కింది. తలుపు మూసుకుంది.

మెకానిక్ కాగితం తీశాడు. 'పిన్ను లేదేమో.' భయం వందకు ఎనభై. ఆగాడు. డెబ్బై. అరవై. మేడమ్ చెప్పినట్టే దిగుతోంది. తల తేటపడింది. అప్పుడు తట్టింది. తను చూసింది బ్రేకు నట్టును. అదురుకు అది సడలకుండా అడ్డంగా గుచ్చే పిన్నును ఒక్కసారి కూడా చూడలేదు.

బావ భుజం పట్టుకుని కుదిపాడు. "అడిగేది జబ్బు కాదు, ఈ మెకానిక్. పిన్ను పెట్టావా లేదా?"

బావ ముఖం పాలిపోయింది. "నేనా? నువ్వే పెట్టేశావనుకున్నా!"

తలుపు పైన అంకె ఐదు దగ్గర ఆగింది. మెకానిక్ మెట్లకేసి పరుగెత్తాడు.

ఐదో అంతస్తులో టీచరమ్మ ఒక కాలు లిఫ్టులో, ఒక కాలు బయట పెట్టి ఎవరితోనో కబుర్లాడుతోంది. మెకానిక్ ఆవిడను రెండు చేతులా బయటికి లాగాడు. సంచులు దొర్లాయి. తిట్టడానికి ఆవిడ నోరు తెరిచింది. అంతలో అవతలి ఎదురు బరువు గుంజుతుంటే, లిఫ్టు చప్పుడు లేకుండా జానెడు పైకి లేచి, ఆగి, మరో జానెడు లేచింది.

గంటలో పైన మోటారు గదిలో నట్టు బిగించి, పిన్ను గుచ్చారు. మెకానిక్ రెండింటినీ వేలితో తడిమి చూశాడు.

"ఇంకోసారి చూడరా. ఇవాళ నిన్నెవరూ ఏమీ అనరు," అన్నాడు బావ.

"వద్దు బావా. ఇవాళ చూస్తే రేపూ చూస్తాను."

మెకానిక్ ఐదో అంతస్తుకు దిగేసరికి టీచరమ్మ సంచులు పట్టుకుని నిలబడి ఉంది. "ఎన్నిసార్లు చూశావయ్యా?"

"ఒక్కసారమ్మా."

"ఒక్కసారేనా!" ఆవిడ మెట్లెక్కడం మొదలుపెట్టింది.

భయం తొంభై దగ్గర ఉంది. మెకానిక్ లిఫ్టులో అడుగుపెట్టి, తొమ్మిది నొక్కాడు.