తోడల్లుడి కన్నా పెద్ద చప్పుడు

ఆదివారం వచ్చిందంటే చాలు, నా పన్నెండేళ్ళ కూతురు వీధి చివరనున్న పెదనాన్న ఇంటికి చెక్కేస్తుంది. పెదనాన్నంటే నా తోడల్లుడు, మా ఆవిడ అక్క మొగుడు. ఈమధ్యే ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టించాడు. సాయంత్రం పిల్ల తిరిగొచ్చి "పెదనాన్న ఎంత నవ్వించాడో!" అంటుంది. నాకు కడుపు మండిపోతుంది. తండ్రిని నేను, నవ్వులు ఆయనకా?

తాడో పేడో తేల్చుకుందామని ఆయన హోమ్ థియేటర్ కొన్న షాపుకే వెళ్ళాను.

"మీ గదికి రిసీవర్ చాలు సార్," అన్నాడు షాపతను. "సౌండు పనులన్నీ ఒకే పెట్టె చూసుకుంటుంది. విడి యాంప్లిఫయర్లంటే ఒక్కో పనికి ఒక్కో పెట్టె. పెద్ద హాళ్ళకైతే సరే, మనకెందుకు?"

"మా తోడల్లుడికి ఏమిచ్చావు?"

"రిసీవరే సార్."

"అయితే నాకు విడివిడిగానే కావాలి."

అతను నా మొహంలోకి ఓసారి చూసి, బిల్లు పుస్తకం తీశాడు.

మూడు పెట్టెలొచ్చాయి, ఒక్కోటీ ఇద్దరు మోయాల్సినంత బరువు. వేడెక్కుతాయి, చుట్టూ జాగా వదలాలన్నారు బిగించేవాళ్ళు. దాంతో సోఫా బయటికి పోయింది. గది నడుమ ఒకే ఒక్క కుర్చీ వేసి, "శబ్దమంతా సరిగ్గా ఇక్కడే కలుస్తుంది సార్, జరపకండి" అని చెప్పి వెళ్ళారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"బాగుంది సంబడం! ఇక నేను వంటింట్లోనే ఉంటాలెండి."

ఆదివారం కూతుర్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి సినిమా పెట్టాను. తెర మీద వాన కురుస్తుంటే మా నెత్తినే పడుతున్నట్టుంది. నేను గోడకి ఆనుకుని దాని మొహమే చూస్తున్నాను. నవ్వొచ్చే సీను వచ్చింది. అది నవ్వబోతూ అటూ ఇటూ చూసింది. పక్కన ఎవరూ లేరు.

"ఎలా ఉందే?" అన్నాను ఆగలేక.

"బాగుంది నాన్నా," అంటూ లేచింది. "పెదనాన్న వాళ్ళింటికి పోదాం, నువ్వూ రా. అక్కడైతే అందరం కూర్చోవచ్చు."

ఒళ్ళు మండింది. అయినా దాన్ని ఒక్కదాన్నే ఆయనకి వదిలెయ్యబుద్ధి కాక వెంట వెళ్ళాను. "రావోయ్, రా!" అంటూ తోడల్లుడు సోఫాలో జరిగి చోటిచ్చాడు. నా కూతురు మా ఇద్దరి మధ్యా కూర్చుంది. నవ్వొచ్చిన ప్రతిసారీ మాత్రం ఆయన వైపే తిరిగింది.