ఆరుగురి దేవుడు

ఆ లాండ్రీలో రోజు మొదలయ్యేది బాయిలర్‌తో కాదు, హాజరుతో. పొద్దున ఆరయ్యేసరికి ఆరుగురూ బాయిలర్ ముందు నిలబడి ఒకరి తర్వాత ఒకరు "ఉన్నాను" అనాలి. ఆరో "ఉన్నాను" పడగానే వెనక గోడ పగుల్లోంచి దేవుడు బయటికొచ్చి, పైపు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటాడు. పిల్లిపిల్లంత ఉంటాడు. ఆయన సర్దుక్కూర్చున్నాకే అత్తగారు అగ్గిపుల్ల గీస్తుంది. ఎవరైనా రాకపోతే, వాళ్ళను చూసొచ్చినవాళ్ళో వాళ్ళతో మాట్లాడినవాళ్ళో "క్షేమం" అని వాళ్ళ బదులు చెప్పాలి. అంతే. మంత్రాల్లేవు, మొక్కుల్లేవు.

కోడలికి ఈ దేవుడంటే మహా సరదా. కాలేజీలో జీవశాస్త్రం చెప్పిన మనిషి. ఆ కాలేజీ మూతపడ్డాక వచ్చి లాండ్రీ వ్యాను తాళాలు పుచ్చుకుంది. అలమారలో ఉన్న పాత ఫోటోలన్నీ తీసి, తారీఖుల ప్రకారం గోడకు అంటించింది. మామగారి తాత కాలంలో దేవుడికి కోరలు, తోక, ఒళ్ళంతా జుట్టు. అప్పట్లో బాయిలర్లు పేలేవి మరి, భయపెట్టేవాడు లేకపోతే ఎవడు వింటాడు? పేలడం తగ్గింది, కోరలు రాలాయి. మడతలక్క పనిలో చేరిన ఏడాది ఆయనకు చక్కటి చేతులొచ్చాయి. కోడలు చేరిన వారానికి ఎడమ కనుబొమ్మ ఒక్కటీ పైకి లేచి అలాగే ఉండిపోయింది. ఎవరి పోలికో ఎవరూ అడగలేదు.

"అంటే మేం కల్పించామంటావు," అంది అత్తగారు ఒకరోజు.

"కల్పించలేదత్తయ్యా, పెంచారు. ఈ వీధిలో ఒకప్పుడు తొమ్మిది లాండ్రీలట కదా?"

"తొమ్మిది."

"అన్నింట్లోనూ దేవుళ్ళున్నారు. ఒకడు యజమాని పిలిస్తేనే పలికేవాడట. ఇంకొకడు ఎవరొచ్చినా రాకపోయినా వచ్చి కూర్చునేవాడట. మనిషి తగ్గితే వాళ్ళకేం పట్టింది? మనవాడు తలలు చూసుకునే రకం. అందుకే మనుషులు మిగిలారు, మనుషులతో పాటు ఆయనా మిగిలాడు."

దేవుడు తన ఇంటి చరిత్ర ఎవరో చదివి పెడుతున్నట్టు చెవులు రిక్కించి విన్నాడు.

"ఆయన ముందరే అంటున్నావు, నొచ్చుకోడూ?" అన్నాడు ఇస్త్రీ పెద్దాయన.

"మీ పూర్వీకులు చెట్లెక్కేవాళ్ళంటే మీరు నొచ్చుకున్నారా?"

"నేనెందుకు నొచ్చుకుంటానమ్మా, ఈ మోకాళ్ళు కుదిరితే ఇప్పటికీ ఎక్కుదును."

మడతలక్క పడీపడీ నవ్వింది. నవ్వుతూనే దుప్పటి నాలుగు అంచులూ గీత గీసినట్టు కలిపింది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదిలో మడత ఆమెదే. రెండు వీధుల అవతల ఒక్కతే ఉంటుంది. అక్క అని అందరూ పిలుస్తారు గానీ, అక్కా అంటూ ఆమె గడప తొక్కేవాళ్ళు మాత్రం లేరు.

కోడలు ఎనిమిది నెలలు చెవిలో జోరీగలా తిరిగితే ఆ పెద్దాసుపత్రి పని దొరికింది. మొదటి రోజు రెండు వందల దుప్పట్లు, పదింటికల్లా. "ఒక్క నిమిషం దాటినా రేపట్నుంచి వేరేవాళ్ళకిస్తాను," అని హెడ్ నర్సు ముఖం మీదే చెప్పింది. ఈ పని నిలబడకపోతే ఆ వీధిలో తొమ్మిదో లాండ్రీ కూడా మూతపడుతుంది. అది కోడలికీ తెలుసు, అత్తగారికీ తెలుసు.

ఆ పొద్దున ఆరింటికి ఐదు "ఉన్నాను"లే వినపడ్డాయి. మడతలక్క రాలేదు.

ఆరుంబావు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. కోడలు కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"వెళ్ళి చూసిరావే," అంది అత్తగారు.

"పోయిరావడానికి అరగంట అత్తయ్యా! దుప్పట్లు ఆరొద్దా? నిద్రపట్టేసి ఉంటుంది."

"ఇరవై రెండేళ్ళలో పట్టని నిద్రా?"

కోడలు ఫోను పట్టుకుని బయటికెళ్ళింది. గుమ్మం పక్కన నిలబడి గోడకు నాలుగు మాటలు చెప్పి, లోపలికొచ్చింది.

"మాట్లాడాను. జలుబట. క్షేమం."

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. చక్కగా అతికింది. గోడ పగుల్లోంచి దేవుడొచ్చాడు, పైపు మీద కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అత్తగారు పుల్ల గీసింది.

గీసిన పుల్ల ఆమె వేళ్ళ మధ్యే కాలిపోయింది. దేవుడి చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. వేళ్ళ చివర్ల నుంచి చన్నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరితో మాట్లాడావే?"

"ఎవరితోనూ మాట్లాడలేదత్తయ్యా."

తిట్టడానికి కూడా ఎవరూ ఆగలేదు. ఐదుగురూ వ్యానెక్కారు. కోడలు ఆ వ్యానును అంతకు ముందెప్పుడూ అంత వేగంగా తోలలేదు. ఉతుకు మెషీన్ల దగ్గర పనిచేసే అన్నదమ్ములిద్దరూ భుజాలతో తలుపు విరగ్గొట్టారు. స్నానాలగదిలో కుళాయి ధారగా పోతోంది. దాని కింద, విరిగిన కాలితో, మడతలక్క ఉలుకూ పలుకూ లేకుండా పడుంది. చేతులు మోచేతుల దాకా నీలం.

వ్యానులో ఉన్న ఉతకాల్సిన దుప్పట్లలోనే చుట్టి ఆమెను ఆ పెద్దాసుపత్రికే మోశారు. "ఇంకో అరగంట అయ్యుంటే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు," అన్నాడు డాక్టరు. ఆ అరగంట ఎవరు మిగుల్చుకుందామనుకున్నారో ఆయనకు తెలియదు. తెలిసిన మనిషి తల వంచుకుంది.

పదీ పదికి వరండాలో హెడ్ నర్సు ఎదురైంది.

"దుప్పట్లేవీ?"

"ఉతకలేదమ్మా."

"ఎందుకు?"

"ఒక మనిషి తగ్గింది."

తప్పించుకోవడానికి వంద కారణాలు దొరికేవే. కోడలు ఒక్కటీ వాడలేదు. పద్ధతి చెప్పింది, దేవుడి సంగతి చెప్పింది, తన అబద్ధం కూడా చెప్పింది. చెప్పి, పని పోయిందనే మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

హెడ్ నర్సు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "పోయిన నెల మా ఆయా ఒకామె లిఫ్టులో ఇరుక్కుంది. నాలుగు గంటలు. ఆమె లేదన్న సంగతే ఎవరికీ పట్టలేదు." కళ్ళజోడు పెట్టుకుంది. "ఏమనాలన్నావు?"

"ఉన్నాను, అనాలి."

"సరే. దుప్పట్లు సాయంత్రానికి పంపు. రేపట్నుంచి మాత్రం పదంటే పదే."

"అందరం ఉంటే తొమ్మిదికే తెస్తాను," అంది కోడలు.

మర్నాడు పొద్దున మడతలక్కను చూడ్డానికి వార్డుకెళ్ళింది కోడలు. అక్కకు రాత్రే తెలివొచ్చిందట. కోడల్ని చూడగానే తను పడుకున్న దుప్పటి అంచు పట్టుకుని, "ఇదేం మడతే, నేను లేకపోతే ఇంతేనా?" అంది.

"నిన్న నీ గురించి అబద్ధం చెప్పానక్కా."

"పెద్దాయన చెప్పాడు. కాలు కుదిరాక చెప్తా నీ పని. ఉండు, విననీ."

వార్డు మధ్యలో నర్సులూ ఆయాలూ వరసగా నిలబడ్డారు. "ఉన్నాను," "ఉన్నాను." కొత్త కదా, సగంమంది సిగ్గుతో నవ్వుతున్నారు. మందుల బీరువా మీద బొటనవేలంత ఏదో కదులుతోంది. ముక్కూ మొహం ఏర్పడలేదు. ఒక ఆయా దాని మీద పడిన దూదిని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టింది.

నర్సుల వరస అయిపోగానే ఏడో పడక నుంచి మడతలక్క అలవాటు చొప్పున గట్టిగా, "ఉన్నాను!" అంది.

వార్డంతా గొల్లున నవ్వింది. ఎనిమిదో పడకావిడ నవ్వాపుకుంటూ, "నేనూ ఉన్నానమ్మా," అంది. తర్వాత అందరూ తొమ్మిదో పడక వైపు చూశారు. అక్కడి ముసలాయన చేరి మూడు రోజులైంది. తిండి లేదు, మాట లేదు, మొహం గోడ వైపు పెట్టుకుని పడుకుంటాడు.

ఎవరూ ఆయన్ని తొందరపెట్టలేదు. ఎవరూ ఆయన్ని దాటిపోనూ లేదు.

చాలాసేపటికి ఆయన ఇటు తిరిగాడు.

"ఉన్నానులే, ఎక్కడికి పోతాను," అని గొణిగి, "కాసిని పాలు ఇస్తారా?" అన్నాడు.

బీరువా మీద ఉన్నదానికి ఒక కన్ను తెరుచుకుంది.