వేడెక్కితేగాని పట్టని బ్రేకు

ఓరిన్ ట్వైట్‌కి ఆ వారమంతా కాలు ఒకచోట నిలవలేదు. షెడ్డులోకి వెళ్తాడు, కారు కింద దూరతాడు, బయటికొచ్చి చేతులు కడుక్కుంటాడు, మళ్ళీ దూరతాడు. ఆదివారం మాడిసన్‌లో పాత కార్వెట్ స్పోర్ట్స్ కార్ల పరీక్ష. ఫ్యాక్టరీ గడప దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉన్న కారుకే క్లబ్బు పతకం ఇస్తుంది. అతని పంతొమ్మిది వందల అరవై నాలుగు నాటి కార్వెట్‌లో అన్నీ సరిపోయాయి, ఒక్క బ్రేకులు తప్ప.

చక్రం డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే బ్రేకు షూల మీద మామూలు మెత్తని లైనింగు లేదు. లోహపు పొడిని అచ్చుపోసిన ముక్కలు వరసగా అతికించి ఉన్నాయి. పందేలు తోలేవాళ్ళు కోరుకుంటే ఆ రోజుల్లో కంపెనీయే అలాంటివి బిగించి పంపేది. కొన్నాక బయట వేయించుకున్నవాళ్ళూ ఉన్నారు. కంపెనీ వేసినవైతే పతకం ఖాయం. కాకపోతే పతకమూ పోతుంది, ఇన్నేళ్ళుగా ఊరంతా చెప్పుకు తిరిగిన గొప్పా పోతుంది.

చూసి తేల్చుకునే దారి కూడా అతను మిగుల్చుకోలేదు. కొన్న కొత్తలో ఉత్సాహం పట్టలేక డ్రమ్ములూ షూలూ స్ప్రింగులూ అన్నిటినీ ఇసుకతో కొట్టించి, తళతళలాడేట్టు చేసిపెట్టాడు. పాత రంగు, తుప్పు, అరుగుదల, వయసు చెప్పే గుర్తులన్నీ ఊడ్చిపెట్టుకుపోయాయి. పరీక్ష చేసే వెండెల్ అతని చిన్ననాటి స్నేహితుడే. సాక్ష్యం కడిగేసిన దొంగలా ఉన్నావు కదరా అని ఫోన్‌లో నవ్వాడు. బ్రేకులు కంపెనీవేనని ఎవరూ రుజువు చెయ్యలేరు, కాదని కూడా చెయ్యలేరు, నువ్వేం చెబితే అదే రాసుకుంటాను అన్నాడు. ఆ మాటే ఓరిన్‌ని కుదురుగా ఉండనివ్వలేదు.

నిజం తెలిసిన మనిషి ఒకామె ఉంది. కారును కొత్తగా కొన్న లైల్ ఎప్పుడో పోయాడుగాని, అతని భార్య వెర్నా నది అవతలి ఊళ్ళోనే ఉంటోంది. వెళ్ళి అడగమని ఓరిన్ భార్య ఆర్లిస్ ఎన్నోసార్లు పోరింది. ప్రతిసారీ అతనికి ఏదో పని అడ్డం వచ్చేది. శుక్రవారం పొద్దున ఆమె కాఫీ కప్పు అతని ముందు ఠక్కున పెట్టింది.

"కింద దూరితే కారు నీతో కబుర్లు చెబుతుందా? ముసలామె చెబుతుంది. ఏం చెబుతుందోనని నీ భయం, అంతే."

ఆ పౌరుషానికి ఓరిన్ ఇంట్లోని పెద్ద కారు వదిలేసి కార్వెట్‌లోనే బయలుదేరాడు. వెర్నా అతన్ని కూర్చోబెట్టి యాపిల్ కేకు కోసి పెట్టింది, మోకాళ్ళ నొప్పి గురించి, మొక్కజొన్న కోతల గురించి చెప్పింది. అడగాల్సింది మాత్రం అడగకుండా అతను కేకు తింటూ కూర్చున్నాడు. బయట అక్టోబరు చలికి కారు చల్లబడిపోయింది. చివరికి ఆమే లేచి, తనని ఆ కార్లో ఒక్కసారి చర్చి దాకా తిప్పుకురమ్మంది.

ఎప్పటి అలవాటు ప్రకారం ఓరిన్ సందు పొడుగునా బ్రేకు మీద కాలు ఆనించే కారు నడిపాడు.

"కాలు ఎక్కడ పెట్టావు అబ్బాయ్? బండి మూలుగుతోంది."

ఈ బ్రేకులు చల్లగా ఉంటే పట్టవని, ముందు కాస్త రాపాడించి వేడెక్కించాలని అతను చెప్పాడు. లైల్ గారూ ఇలాగే చేసుంటారు కదా అన్నాడు.

వెర్నా నవ్వింది. "లైల్ సంగతెందుకు? చలికాలాల్లో దీన్ని చర్చికి నడిపింది నేనే. గడ్డకట్టే చలిలో కూడా కాలు ఆనిస్తే చాలు, సాధువైన ఆవులా ఆగేది. మా మరిది గస్ పందేలకని తీసుకుపోయి పాడుచేశాడు. లోహపు బ్రేకులు వేయించానని మురిసిపోయాడు. తిరిగొచ్చాక ఇది నా మాట వినలేదు."

ఓరిన్ కారు పక్కకు తీసి ఆపాడు. ఈ మాట విన్నది తానొక్కడే. వెండెల్‌కి చెప్పకపోతే ఎవరికీ తెలియదు. పక్కకు చూశాడు. ఆమె పొలాల వైపు చూస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది.

"ఆదివారం మీరు మాడిసన్ రావాలి వెర్నా గారూ."

"నేనెందుకు?"

"ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ వెండెల్‌కి చెప్పడానికి. కంపెనీ బ్రేకులున్న కారుకే అక్కడ పతకం ఇస్తారు."

"నీకు నోరు లేదా?"

"ఉంది, దాంతోనే భయం. ఆదివారం లోపల అది నాకే ఏదో ఒకటి నచ్చజెప్పేస్తుంది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. పతకం పోతుంది కదా అని అడిగింది. పోతుందన్నాడు.

"సరే, ఆర్లిస్‌ని మీ పెద్ద కారు తెమ్మను. ఆగే బండైతేనే వస్తాను."